పదవ తరగతి దాటిన తరువాత విజ్ఞానశాస్త్రం

(మన పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి, విశ్రాంత భౌతికశాస్త్రోపాధ్యాయులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

ఉత్సవ సంఘంవారు నన్ను మాతృభాషా మహత్త్వాన్ని గురించి మాట్లాడమని కోరారు. ఆ విషయాన్ని నాకంటె సొగసుగా చెప్పగల పండితులు ఈ వేదికమీదనే ఆసీనులై ఉన్నారు. నేను ముప్పది నాలుగు సంవత్సరాలు భౌతికశాస్త్రం చెప్పి జీవనం సాగించినవాణ్ణి. అందుచేత వారి అనుమతితో అంశాన్ని మార్చుకున్నాను. ఈ పాఠశాలలో పదవ తరగతి వరకు తెలుగులో విజ్ఞానశాస్త్రం చదువుకున్న బిడ్డ, ఇక్కడ పై తరగతులు లేనందున మరొక పాఠశాల గడప తొక్కి, ప్లస్ టూలో ఏ గ్రూపు కోరుకోవాలి, ఆ గ్రూపులో ఎట్లా నిలదొక్కుకోవాలి అన్నదే నేను మనవి చేయదలచిన విషయం. తమిళనాట ఉన్న మనకు ఇది ప్రతి సంవత్సరం మే, జూన్ మాసాలలో ఇంటింటా ఎదురయ్యే ప్రశ్న.

నేను ఇక్కడ చదివిన కాలంలో ఎస్.ఎస్.ఎల్.సి. అంటే పదకొండు సంవత్సరాల చదువు. 1972లో నేను ఆ పరీక్ష పూర్తి చేశాను. అప్పటి మన ప్రయోగశాల ఒక్క బీరువా. అందులో ఒక గాజు పట్టకం, రెండు అయస్కాంతాలు, మూతికి పగులు పట్టిన గంటజాడీ, కొన్ని పరీక్షనాళికలు. అయినా మా సైన్సు అయ్యవారు ఒకనాడు వరండా దూలానికి దారం కట్టి, దాని చివర పాఠశాల తాళంకప్ప వేలాడదీశారు. దారం పొడవు సరిగా ఒక మీటరు. ఇరవై ఊపులకు ఆయన చేతిగడియారంలో నలభై సెకన్లు పట్టింది. దారాన్ని పావు వంతుకు, అనగా ఇరవై ఐదు సెంటీమీటర్లకు తగ్గిస్తే ఎంత పడుతుందని అడిగారు. మేమందరం ఏకకంఠంగా పది సెకన్లన్నాము. కొలిచి చూస్తే ఇరవై! పొడవు పావు అయితే కాలం సగమే అయింది. మరొక తాళం కూడా కట్టి బరువు పెంచి చూశాము. కాలంలో మార్పు లేదు. ఆ రోజు సాయంకాలం ఇంటికి పోయి ఊయల దగ్గర నిలబడి ఊపులు లెక్కపెట్టాను. మా చెల్లెలు ఏడ్చేదాకా ఊపి అమ్మచేత చీవాట్లు తిన్నాను.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మరుసటి సంవత్సరం పి.యు.సి.లో అధ్యాపకులు ఆంగ్లంలో లోలకాన్ని బోధిస్తుండగా తరగతిలో సగంమంది సూత్రాన్ని కంఠస్థం చేస్తున్నారు. నాకు సూత్రం కొత్త, ఇంగ్లీషు కొత్త. విషయం మాత్రం కొత్త కాదు. అయితే అదే కళాశాలలో మరొక అనుభవం కూడా కలిగింది. మొదటి వారంలో న్యూటన్ మొదటి గమన సూత్రం చెబుతూ అధ్యాపకులు ‘ఇనర్షియా’, ‘ఇనర్షియా’ అని పదేపదే అంటున్నారు. అది ఏదో మహా గహనమైన కొత్త శక్తి కాబోలునని నేను భయపడ్డాను. రెండు వారాలు నిద్ర పట్టలేదు. గ్రంథాలయంలో నిఘంటువు తిరగవేస్తే జడత్వమని ఉంది! మూడు సంవత్సరాలుగా నాకు తెలిసిన జడత్వమే. బస్సు హఠాత్తుగా ఆగితే మనం ముందుకు తూలిపడటమే. తెలిసిన విషయానికి తెలియని పేరు పెట్టినందువల్ల రెండు వారాలపాటు నేను మూఢుణ్ణని అనుకున్నాను.

ఆనాడు ఒక నోటుపుస్తకం కొన్నాను. పుటకు మూడు నిలువు గీతలు గీసి తెలుగు మాట, ఇంగ్లీషు మాట, తమిళ మాట వరుసగా వ్రాసుకుంటూ పోయాను. త్వరణం, యాక్సిలరేషన్, ముడుక్కం. జడత్వం, ఇనర్షియా, నిలైమం. సాంద్రత, డెన్సిటీ, అడర్త్తి. కిరణజన్య సంయోగక్రియ, ఫోటోసింథసిస్, ఒళిచ్చేర్కై. సంవత్సరం తిరిగేసరికి నాలుగు వందల పైచిలుకు మాటలు చేరాయి. లెక్కించి చూస్తే పాఠం అర్థం కావడానికి అడ్డుపడేవి వాటిలో నూరో నూటయాభయ్యో మాత్రమే. తక్కినవి వాటినుంచి పుట్టినవే. మన పిల్లలకు ప్లస్ టూ సైన్సు అందకుండా అడ్డుగా ఉన్న గోడ ఎత్తు ఇంతే.

తెలుగులో శాస్త్రం చెప్పలేమన్న అపోహ ఈ ఊళ్ళో పుట్టవలసినది కాదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి విజ్ఞాన చంద్రికా మండలి 1906లో హైదరాబాదులో పుట్టి, 1908లో ఈ చెన్నపట్టణానికే తరలివచ్చి ఇక్కడినుంచే తెలుగులో శాస్త్ర గ్రంథాలను ప్రకటించింది. తరువాతి తరంలో వసంతరావు వేంకటరావు గారు ఈ నగరంలో భౌతికశాస్త్రం బోధిస్తూనే తెలుగు పాఠకులకు ఆధునిక విజ్ఞానాన్ని పంచిపెట్టారు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గట్టెక్కినది తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలులోనే. ఈ పేర్లు జూబిలీ సభలలో వల్లెవేయడం మనకు అలవాటే. జూన్ నెలలో దరఖాస్తు పత్రం నింపేటప్పుడు మాత్రం ఎవ్వరమూ తలచుకోము.

ఇక గ్రూపుల విషయానికి వస్తాను. తమిళనాడులో 1978లో పి.యు.సి. తొలగి, పాఠశాలలలోనే పదకొండు, పన్నెండు తరగతులు ఏర్పడ్డాయి. నేను మరుసటి సంవత్సరమే ఉద్యోగంలో చేరాను కనుక ఈ పద్ధతిని ఊయలలోనుంచి చూసినవాణ్ణి. మొదటి భాగం ఒక భాష, రెండవ భాగం ఇంగ్లీషు, మూడవ భాగం నాలుగు ప్రధాన విషయాలు. విజ్ఞానశాస్త్రంవైపు వెళ్ళేవారికి సామాన్యంగా మూడు దారులు కనబడతాయి. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం కలిసినది ఒకటి. జీవశాస్త్రం స్థానంలో కంప్యూటర్ సైన్సు ఉన్నది రెండవది. గణితం లేకుండా భౌతిక, రసాయన, వృక్ష, జంతుశాస్త్రాలు ఉన్నది మూడవది. దీనిని లోకంలో ‘ప్యూర్ సైన్స్’ అంటారు. ఇవిగాక నర్సింగు, వ్యవసాయం, విద్యుత్తు, యంత్రాలు మొదలైన వృత్తివిద్యా గ్రూపులు ఉన్నాయి. పదవ తరగతితోనే పాలిటెక్నిక్‌లో మూడు సంవత్సరాల డిప్లొమా చదివి, నేరుగా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరే దారి కూడా ఉంది. దానిని చిన్నచూపు చూడనక్కరలేదు.

తల్లిదండ్రులు చేసే పొరపాట్లలో తరచుగా చూసినవి రెండు. కంప్యూటర్ ఇంజనీరింగు చదవాలంటే ప్లస్ టూలో కంప్యూటర్ సైన్సు తీసుకొని తీరవలసిందేనని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. అన్నా విశ్వవిద్యాలయ పరిధిలోని ఇంజనీరింగు ప్రవేశాలకు గణితం నూరు, భౌతికశాస్త్రం యాభై, రసాయనశాస్త్రం యాభై, వెరసి రెండు వందలకే కటాఫ్ లెక్కిస్తారు. నాలుగవ విషయం అందులో చేరదు. జీవశాస్త్రం చదివిన పిల్లవాడూ కంప్యూటర్ ఇంజనీరు కావచ్చు. వైద్యం, నర్సింగు వంటి ద్వారాలు కూడా అతనికి తెరిచే ఉంటాయి. రెండవ పొరపాటు లెక్కలంటే భయపడి గణితం లేని గ్రూపులో చేర్చడం. దానితో ఇంజనీరింగు, ఆర్కిటెక్చరు తలుపులు మూతపడతాయి. డిగ్రీలో భౌతికశాస్త్రం చదవడం కూడా కష్టమవుతుంది. లెక్కలు నిజంగా రుచించని బిడ్డ, జీవశాస్త్రంమీద నిజంగా మక్కువ ఉన్న బిడ్డ ఆ గ్రూపు తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. పదవ తరగతిలో ఒక్క పరీక్ష సరిగా వ్రాయలేదన్న బెంగతో తీసుకోవద్దు. ఎటూ తేలని పిల్లలకు గణితం, జీవశాస్త్రం రెండూ ఉన్న మొదటి గ్రూపే నా సలహా. బరువు ఎక్కువే. పదిహేనేళ్ళ వయస్సులో తలుపులు మూసుకోవడంకంటె ఆ బరువు మోయడం మేలు. మనవారు అంతగా వినని సంస్థలు కూడా ఉన్నాయి. 2015లో మొదలైన తిరుపతి ఐసర్ వంటి చోట్ల శాస్త్ర పరిశోధనవైపు వెళ్ళే డిగ్రీ చదవవచ్చు. వారి ప్రవేశ పరీక్షలో గణితం, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు నాలుగింటిలోనూ ప్రశ్నలు వస్తాయి.

మొదటి భాగం భాషను గురించి కూడా ఒక మాట. తెలుగును అక్కడ కొనసాగించే వీలున్నచోట కూడా మార్కులు వస్తాయని ఫ్రెంచికో సంస్కృతానికో మార్చేవారు ఉన్నారు. ఇంజనీరింగు కటాఫులో భాషా మార్కులు కలపరని ఇప్పుడే మనవి చేశాను. లేని లాభానికి ఉన్న భాషను వదలుకోవడం ఎందుకో నాకు బోధపడదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఈ సభలో చెప్పుకోవాలి. 1994 జూన్‌లో నేను పనిచేస్తున్న ఉన్నత పాఠశాలలో ప్రవేశాల బల్ల దగ్గర కూర్చున్నాను. ఒక అమ్మాయి తండ్రితో వచ్చింది. ఈ పాఠశాలలోనే చదివిన పిల్ల. లెక్కలలో 91, సైన్సులో 84. మొదటి గ్రూపు కావాలన్నది. నా పక్కనున్నవారు పత్రం చూసి, “తెలుగు మీడియమా? అంతా ఇంగ్లీషులో ఉంటుంది, తట్టుకోలేదు” అన్నారు. ఆ తండ్రి నా వంక చూశారు. నేనూ తెలుగువాణ్ణే, నేనూ ఈ పాఠశాలవాణ్ణే అని ఆయనకు తెలుసు. నా మాటమీదనే ఆధారపడి నిలబడ్డారు. ఆ నాడు వరుసలో ఇంకా అరవైమంది ఉన్నారు. నేను, “కామర్సు అయితే సులభంగా ఉంటుందండీ” అన్నాను. కామర్సు కూడా ఇంగ్లీషులోనే చెబుతారన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు. సంతకం పెట్టి వెళ్ళిపోయింది. నా మూడు గీతల నోటుపుస్తకం అప్పుడు నా సంచిలోనే ఉంది.

కిందటి సంవత్సరం ఒక మందుల దుకాణంలో లెక్కలు చూసే ఆమె నన్ను గుర్తుపట్టి పలకరించింది. ఆమే. నిష్ఠూరం లేదు. చక్కగా బ్రతుకుతున్నది. “మా పాప మన బడిలోనే తొమ్మిదో తరగతి సార్. లెక్కలు, బయాలజీ రెండూ ఉన్న గ్రూపు కావాలంటోంది. తెలుగు మీడియం కదా, తట్టుకుంటుందా?” అని అడిగింది. ముప్పై ఏళ్ళ కిందట మా బల్ల దగ్గర వినిపించిన మాటే మళ్ళీ నన్ను అడిగింది. “తట్టుకుంటుందమ్మా. నేను చూసుకుంటాను” అన్నాను. ఆ తల్లీ కూతుళ్ళిద్దరూ నేడు ఈ సభలో ఉన్నారు. ఎవరో చూపించను.

‘చూసుకుంటాను’ అనడం తేలిక. చూడవలసినవి ఏమిటో చెబుతాను.

గ్రూపు పేరు చూసి చేర్చవద్దు. ఆ పాఠశాలకు వెళ్ళి ప్రయోగశాల చూపించమనండి. ప్రయోగాలున్న విషయాలకు నేడు వ్రాతపరీక్ష 70, ప్రాక్టికల్ 20, అంతర్గత మార్కులు 10. ఆ ఇరవై మార్కులకోసం కాకపోయినా ప్రయోగశాల చూడాలి. బ్యూరెట్టు చేతపట్టి, చుక్క చుక్కగా ద్రవాన్ని వదులుతూ, రంగు మారే ఆ ఒక్క చుక్క దగ్గర ఆపడం నేర్చిన పిల్లకు రసాయనశాస్త్రంలో సగం భయం పోతుంది. బ్యూరెట్లు బీరువాలో తాళం వేసి, పరీక్షకు ముందు వారం మాత్రం పైకి తీసే చోట్లు నేను చూశాను. రికార్డు పుస్తకం ఒకరిది చూసి ఒకరు దించుకునే చోట్లు అంతకంటె ఎక్కువ. తల్లిదండ్రులు అడిగితే సిగ్గుపడి అయినా తాళం తీస్తారు.

అంతకంటె ముఖ్యం పదకొండవ తరగతి. చాలాకాలం పన్నెండవ తరగతికే పబ్లిక్ పరీక్ష ఉండేది. కనుక పదకొండవ తరగతి పుస్తకాన్ని అటకెక్కించి, రెండు సంవత్సరాలూ పన్నెండవ తరగతి పాఠాలే రుబ్బే పాఠశాలలు బయలుదేరాయి. మార్కులు వరదలా వచ్చాయి. 2017 నుంచి ఇక్కడి వైద్య ప్రవేశాలు నీట్ పరీక్షకు ముడిపడేసరికి ఆ గుట్టు బయటపడింది, ఎందుకంటే అందులో సగం ప్రశ్నలు పదకొండవ తరగతి విషయాలనుంచే వస్తాయి. 2017-18లో పదకొండుకూ పబ్లిక్ పరీక్ష పెట్టి, మొత్తం మార్కులను 1200 నుంచి 600కు తగ్గించారు. ఇప్పుడు 2025-26 విద్యాసంవత్సరం నుంచి ఆ పదకొండవ తరగతి పబ్లిక్ పరీక్షను తొలగించారు. పిల్లల ఒత్తిడి తగ్గుతుంది, సంతోషమే. పాత అలవాటు తిరిగి వస్తుందేమోనని మాత్రం నాకు శంక. గమనం, ఉష్ణం, కణం, రసాయన బంధం, ఇవన్నీ పదకొండులోనివే. పునాది లేకుండా పై అంతస్తు కట్టే పాఠశాల కనబడితే, ఎంత పేరున్నదైనా వెనుకకు తిరిగి రండి. మన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. భాష మారే సంవత్సరమూ పదకొండే, పునాది వేసే సంవత్సరమూ పదకొండే.

ప్రవేశ పరీక్షలలో తెలుగు ఉన్నదా అని చాలామంది అడుగుతున్నారు. ఉన్నది. నీట్ పరీక్షను 2017 నుంచి తెలుగులోనూ వ్రాయవచ్చు, జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ జరుగుతున్నది. అయితే మనలాంటివారు గమనించవలసిన మెలిక ఉంది. ఇటీవలి సంవత్సరాల నిబంధనల ప్రకారం తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల కేంద్రాలలోనే ఇస్తారు. తమిళనాడు కేంద్రంలో తెలుగు పత్రం దొరకదు. కావలసినవారు దరఖాస్తులోనే తిరుపతినో నెల్లూరునో కోరుకోవాలి. నీట్‌లో తెలుగు కోరినవారికి తెలుగు, ఇంగ్లీషు రెండూ పక్కపక్కన ఉన్న పత్రం ఇస్తారు. ఇది చిన్న మేలు కాదు. రెండు సంవత్సరాలు ఇంగ్లీషులో చదివిన బిడ్డకు ఎక్కడైనా వాక్యం చిక్కుపడితే పక్కనున్న తెలుగు వాక్యం విప్పుతుంది. ఏటేటా ఈ నిబంధనలు మారవచ్చు గనుక ఆ సంవత్సరపు సమాచార పత్రం చదవకుండా రుసుము కట్టవద్దు.

మరొకటి చేదు సంగతి. ఆరు నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి 2020లో తమిళనాడు ప్రభుత్వం వైద్య సీట్లలో ఏడున్నర శాతం కేటాయించింది; మరుసటి ఏడు ఇంజనీరింగు మొదలైన వాటికీ విస్తరించింది. మనది ప్రభుత్వ సహాయం పొందే పాఠశాల, ప్రభుత్వ పాఠశాల కాదు. కనుక ఇది మన పిల్లలకు వర్తించదు. మన పిల్లలలో ఎక్కువమంది తల్లిదండ్రులు రోజుకూలీలు, చిరువ్యాపారులు అన్నది ఈ సభకు తెలియనిది కాదు. ప్రభుత్వానికి మహజరు పెట్టుకోవడం ఉత్సవ సంఘంవారి వివేకానికి వదలుతున్నాను. ఈ లోగా వర్తిస్తుందని భ్రమపడి ఎవరూ మోసపోకూడదని చెబుతున్నాను.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం గురించి ఈ ప్రాంగణంలో ఎన్ని వాదాలు జరిగాయో నాకు తెలుసు. వాటిలోకి దిగను. దానివల్ల మన పిల్లలు తమిళం చక్కగా చదవగలుగుతున్నారన్నది మాత్రం నిజం. ఇంగ్లీషు సైన్సు పుస్తకంలో ఒక పేరా అర్థం కాకపోతే అదే పాఠం ఉన్న తమిళ పుస్తకం తెరిచి చూసుకోమనండి. నా నోటుపుస్తకంలో మూడవ గీత అందుకే గీశాను.

ఇక చివరికి కార్యక్రమం. పదవ తరగతి పరీక్షలు ముగిసిన తరువాత కొత్త బడి తెరిచేవరకు మన చేతిలో ఉండేది సుమారు ఏడెనిమిది వారాలు. ఆ వ్యవధిలో ప్రతి ఉదయం గంటన్నరసేపు, సైన్సు గ్రూపు కోరే పిల్లలకు ఒక వారధి తరగతి నడపాలని ప్రధానోపాధ్యాయులతో మాట్లాడాను. రోజుకు ఐదు మాటలు, ఒక చిన్న ప్రయోగం, ఒక ఇంగ్లీషు పేరా. నలభై రోజులకు రెండు వందల మాటలు. భౌతికశాస్త్రం నేను చెబుతాను. రసాయనశాస్త్రానికి 1980ల నాటి పూర్వ విద్యార్థిని ఒకరు ముందుకు వచ్చారు. జీవశాస్త్రానికి ఇంకా ఎవరూ దొరకలేదు. ఈ సభలో ఉన్నవారెవరైనా భోజన విరామంలో నన్ను కలిస్తే కృతజ్ఞుణ్ణి.

జూబిలీ నిధినుంచి తోరణ ద్వారం కట్టాలన్న ప్రతిపాదన కార్యదర్శిగారు చదివి వినిపించారు. నేను వ్యతిరేకించను. దానికి ముందుగా రెండు డజన్ల బ్యూరెట్లు, పిపెట్లు, నాలుగు సూక్ష్మదర్శినులు, ఒక మంచి తరాజు కొనమని మాత్రం ప్రార్థిస్తున్నాను. పాత బీరువా ఇప్పటికీ ఉంది. మొన్న తెరిచి చూశాను. గంటజాడీ పగులు ఇంకొంచెం పెరిగింది. పట్టకం చెక్కుచెదరలేదు.

నా నోటుపుస్తకాన్ని ప్రధానోపాధ్యాయులకు అప్పగిస్తున్నాను. కాగితాలు పెళుసెక్కాయి గనుక నకళ్ళు తీయించి పదవ తరగతి పిల్లలందరికీ పంచవలసిందిగా మనవి. 1994 జూన్‌లో సంచిలోనుంచి తీయవలసినది ఇప్పుడు తీస్తున్నాను. పరీక్షలు ముగిసిన మూడవ నాడు ఉదయం ఏడున్నరకు తరగతి మొదలవుతుంది. వరండా దూలం ఇంకా గట్టిగానే ఉంది. తాళంకప్ప, దారం నేనే తెచ్చుకుంటాను.